వెనక వైపు బొట్టు

జూన్ 16, 2025. సోమవారం

కొత్త డైరీ. హారతికి కాలేజీలో ఎవరో ఇచ్చారట, తనకు వద్దని నాకు తెచ్చి ఇచ్చింది. అత్తా, నువ్వు లోపల్లోపల గొణుక్కుంటావు కదా, అదంతా ఇందులో రాసెయ్ అన్నది. మేనకోడలి మర్యాద అట్లా ఉంది.

మొదటి పేజీ కాబట్టి మా సంగతి రాస్తాను. సూరత్ ఉధ్నాలో కింద షాపు, పైన ఇల్లు. మగ్గానికి పేక దారం అందించే ఫీడర్లుంటాయి, వాటి ఎలక్ట్రానిక్ కార్డులు బాగుచేస్తాం. రఘుపతి అన్న బండి మీద తిరిగి మిల్లుల నుంచి పాడైన కార్డులు తెస్తాడు. అనురాధ వదిన చెడిపోయిన పార్టులు తీసి కొత్తవి సోల్డర్ చేస్తుంది. చివరికి నా బెంచి మీదికి వస్తాయి. నేను పవర్ పెట్టి, టెస్ట్ చేసి, పాస్ అంటేనే బయటికి పోతాయి. మొత్తం షాపులో చివరి మాట నాదే. ఇంట్లో కూడా చాలావరకు నాదే, ఇది అన్న చూడకపోతే మంచిది.

వాన మొదలైంది. గల్లీ నీళ్లు మెట్టు దాకా వచ్చి ఆగాయి. అన్న ఇసుక బస్తా అడ్డం పెట్టి, ఈసారి లోపలికి రానియ్య అన్నాడు. నిరుడు కూడా ఇదే అన్నాడు.

జూన్ 21

చెమ్మకి బెంచి మీద తెల్లటి బూజు. అంతా దింపి తుడిచాను. పవర్ సప్లైని మాత్రం ఎవరినీ ముట్టనివ్వలేదు. కార్డుకి కావలసిన అయిదు వోల్టులు ఇచ్చేది అదే. నిరుడు ముంబైలో సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాం. పచ్చటి అంకెలు, 5.00 అని నిలబడితే ఇక కదలవు. మా షాపులో మాట మీద నిలబడేది అదొక్కటే అని అన్నని ఏడిపిస్తుంటాను.

అది వచ్చిన కొత్తలో దసరా. దసరా రోజు మేం ఏ మెషినూ ఆన్ చేయం. ప్లగ్గులు తీసి, తుడిచి, వరసగా పెట్టి పూజ చేస్తాం. వదిన తడిపిన కుంకుమ గిన్నె పట్టుకొని సప్లై ముందుకి రాగానే ఆపేశాను. డిస్‌ప్లే పక్కన ఎర్రగా పూస్తే కస్టమర్లు ఏమనుకుంటారు, ఇది షాపా, గుడా అని. గిన్నె నేనే తీసుకొని వెనక వైపు రెండు చిన్న ఇత్తడి పట్టీలున్న చోట దట్టంగా పెట్టాను. వదిన ముఖం చిన్నబోయింది. వీపుకు బొట్టు పెడ్తరా ఎవరన్న అన్నది. నేను నవ్వేశాను.

కడోదరా నుంచి మూడు కార్డులు వాపస్ వచ్చాయి. జిగ్నేశ్‌భాయ్ మిల్లువి. పెట్టిన వారానికే ఆగిపోయాయట.

జూన్ 28

ఇంకా వచ్చాయి. విప్పి చూస్తే ఐసీలు, కార్డు మీది నల్లటి చిప్పులు, పోయి ఉన్నాయి. కొత్తవే, మేం వేసినవే.

సోల్డరింగ్‌లో వేడి ఎక్కువైతే ఐసీ లోపల దెబ్బతింటుంది. అప్పుడు బాగానే నడుస్తుంది, తర్వాత చస్తుంది. వదిన ఈ మధ్య కార్డుని కళ్ల దగ్గరకు తెచ్చుకొని చూస్తోంది. బజారులో చదువుకునే కళ్లద్దాలు కొనుక్కొని, జారకుండా వెనక దారం కట్టుకుంది. నలభై అయిదు దాటాయి మరి.

ఆమెకేమీ అనలేదు. టెస్టు టైమ్ పెంచాను. ఇదివరకు గంట సేపు పవర్ మీద ఉంచేదాన్ని, ఇక పూటంతా ఉంచుతాను. బలహీనమైనవి ఏవో నా దగ్గరే బయటపడతాయి. నా చెయ్యి దాటి చెడ్డది పోకూడదు.

జూలై 3

పొద్దున షాపు తెరవగానే ఎందుకైనా మంచిదని సప్లైని కూడా చూశాను. ఆన్ చేసి, మల్టీమీటర్ పిన్నులు ముందు టెర్మినల్స్‌లో పెట్టాను. 5.01. ఆఫ్ చేశాను.

అది కాదు. నాకు తెలుసు అది కాదని.

జూలై 9

ఈరోజు చేసిన పని రాయాలా వద్దా అని చూశాను. రాస్తాను.

జిగ్నేశ్‌భాయ్ తనే వచ్చాడు. కార్డుల సంచీ బెంచి మీద పెట్టి, కూర్చోకుండా మాట్లాడాడు. నన్ను బెన్ అంటాడు, వాళ్ల భాషలో అక్క. బెన్, నాలుగు మగ్గాలు బంద్ పడ్డాయి, మగ్గం నడిపే కారీగర్లు బీడీ తాగుతూ కూర్చున్నారు, మాల్ పాస్ చేసేది మీరే కదా అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. మీరే కదా అన్న మాట దగ్గర నాకు ఒళ్లు మండింది. ఇన్నేళ్లలో నా టెస్టుని ఎవరూ వేలెత్తి చూపలేదు.

నా టెస్టులో తప్పు లేదు, పూటంతా పవర్ మీద పెట్టి పంపుతున్నాను అన్నాను. సోల్డరింగ్‌లో ఉంది ప్రాబ్లం అన్నాను. అక్కడితో ఆగొచ్చు. మా భాభీకి కళ్లు ముందులా లేవు, చెయ్యి కూడా వణుకుతోంది అని హిందీలో అన్నాను, పక్క స్టూలు మీద వదిన కూర్చొని ఉండగానే. ఆమెకి హిందీ రాదా అంటే, సూరత్ వచ్చి పాతికేళ్లయింది.

చెయ్యి వణుకుతోందన్నది నేను చూడలేదు. మాట ఊపులో వచ్చింది.

వదిన సోల్డరింగ్ ఐరన్‌ని స్టాండులో పెట్టింది. స్పాంజి పిండి ఆరేసింది. స్విచ్ ఆపి పైకి వెళ్లింది. కాసేపటికి జిగ్నేశ్‌భాయ్‌కి, నాకు చాయ్ తెచ్చింది. నా చాయ్‌లో చక్కెర నాకు ఎంత కావాలో అంతే ఉంది.

జూలై 10

వదిన కిందికి రాలేదు.

జూలై 13, ఆదివారం

ఆమె అలిగిందేమో అనుకున్నాను. అలిగితే బాగుండేది, బతిమాలి తెచ్చుకునేదాన్ని. అలగలేదు. అన్నం పెడుతుంది, మాట్లాడుతుంది, నా తలకు నూనె పెట్టనా అని అడుగుతుంది. కింది పని మాత్రం ఇక తనకు చాతకాదంటోంది.

అన్న నన్ను పక్కకు పిలిచాడు. ఏందే నీరజా, జర మెల్లగ చెప్పొచ్చు గదా, బయటోని ముందట గట్లంటరా అన్నాడు. తప్పు తప్పే కదా, మెల్లగా చెప్తే కార్డు బాగవుతుందా అని నేను ఎదురు మాట్లాడాను. అన్న తల గోక్కొని, మీ వదిన ఏమంటున్నదో ఎరుకేనా అన్నాడు. నీరజ చదువుకున్నది, అది చెప్తే నిజమే ఉంటది, నా కండ్లు నాకేం తెలుస్తయ్ అంటున్నదట.

మధ్యాహ్నం నుంచి మనసు బాగాలేదు.

వదిన సిరిసిల్ల వైపు నుంచి కోడలిగా వచ్చినప్పుడు ఆమెకు తెలిసిన పని బీడీలు చుట్టడమే. నా పెళ్లి ఏడాదిన్నర నడిచి ఆగిపోయి నేను ఈ ఇంటికి తిరిగొస్తే, నలుగురూ నాలుగు మాటలన్నారు, ఆమె ఒక్కటీ అనలేదు. నీ పని నాకు జర నేర్పు, ఇద్దరం చేసుకుందం అన్నది. నేను ఊరికే కూర్చొని కుమిలిపోకుండా అలా అడిగిందని నాకు చాలా రోజులకి అర్థమైంది. నెల తిరగకుండా నాకంటే బాగా పట్టింది. బీడీ కొసలు మడిచిన వేళ్లు, అంత చిన్న కాళ్లున్న ఐసీని కూడా నొప్పి తెలియకుండా పెడతాయి అని నేనే అనేదాన్ని.

జూలై 22

సోల్డరింగ్ నేనే చేస్తున్నాను. నా జాయింట్లు జొన్నరొట్టెల్లా ఉన్నాయి. అయినా టెస్టులో పాస్ అవుతున్నాయి. ఇప్పుడు పూట కాదు, పొద్దున పెట్టి షాపు మూసేదాకా పవర్ మీదే ఉంచుతున్నాను.

మిల్లుల్లో ఎలా నడుస్తున్నాయో తెలియాలంటే వారం పడుతుంది.

జూలై 27, ఆదివారం

అన్న అందరినీ డుమస్ బీచికి తీసుకెళ్లాడు. ఇదంతా మర్చిపోతామని అతని ఆశ. టమాటా బజ్జీలు తిన్నాం. గాలికి వదిన కొంగు ఎగురుతుంటే హారతి ఫోటోలు తీసింది. మొక్కజొన్న కంకి కాల్పించి, నా కంకికి నిమ్మకాయ ఎక్కువ రాయమని బండివాడికి వదినే చెప్పింది.

క్షమించమని అడుగుదామనుకున్నాను. దేనికి, తప్పు ఆమెదే కదా అని మళ్లీ అనుకున్నాను. తడి ఇసుక చెప్పుల్లో ఇరుక్కొని ఇల్లు చేరేదాకా గుచ్చుతూనే ఉంది.

ఆగస్టు 2

వదిన ధాగా కటింగ్ మొదలుపెట్టింది. చీరల మూటలు ఇంటికే వస్తాయి, వెనక వేలాడే దారాలు కత్తిరించి మడత పెట్టాలి. కళ్లు మూసుకొని చేయొచ్చు గీ పని, నాకు గిదే మంచిది అన్నదట అన్నతో.

ఆగస్టు 9, రాఖీ

అన్నకి రాఖీ కట్టాను. వదిన సేమియా పాయసం చేసింది.

తర్వాత మేడ మీద బట్టలు తీస్తుంటే హారతి వచ్చింది. ఊరికే చెప్తున్నా అత్తా అని మొదలుపెట్టింది. అమ్మ రోజూ పొద్దున కిటికీ దగ్గర నిలబడి సూదిలో దారం ఎక్కిస్తోందట. ఎక్కించి, తీసేసి, మళ్లీ ఎక్కించి. ఏం చేస్తున్నవ్ మమ్మీ అంటే చూసుకుంటున్న అంటోందట. హారతే పట్టుబట్టి కళ్ల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లింది. వయసుకి తగ్గ దగ్గరి చూపు అద్దాలు చాలు, ఇంకేం లేదు, ఏకదమ్ నార్మల్ అన్నాడు డాక్టర్. బయటికొచ్చాక అమ్మ, ఆయన గోడ మీది అక్షరాలు చూపిచ్చిండు, నా పని ఆయన చూసిండా, నీరజ చూసింది అన్నదట.

హారతి నన్ను తిట్టలేదు. బట్టలు సగం తను మోసుకొని కిందికి దిగింది.

ఆగస్టు 12

కార్డులు మళ్లీ వాపస్ వచ్చాయి. ఇవి వదిన ముట్టనివి.

ఆగస్టు 13

ఐసీలే నకిలీవేమో. వేరే షాపు నుంచి తెప్పించాను. లేదా నా సోల్డరింగ్ కూడా చెడ్డదేమో. అలా అయితే బాగుండునని దేవుడికి దండం పెట్టుకున్నాను. ఎవరైనా తమ పని చెడ్డదై ఉండాలని మొక్కుకుంటారా? నేను మొక్కుకున్నాను.

ఆగస్టు 19

జిగ్నేశ్‌భాయ్ ఫోన్. తన మిల్లుకి ఆడిట్ ఉందట. పని చేసిపెట్టేవాళ్లందరి టెస్టింగ్ సామానుకి కాలిబ్రేషన్ సర్టిఫికెట్ ఉండాలట, లేకపోతే కొత్త కార్డులు ఇవ్వనన్నాడు. సరే, కాగితమే కదా. అడాజన్‌లో పార్థసారథి గారని ఒకాయన ల్యాబ్ నడుపుతున్నాడని అన్న కనుక్కున్నాడు. హజీరాలో పెద్ద కంపెనీలో ఇన్‌స్ట్రుమెంట్స్ చూసి బయటికొచ్చిన ఆంధ్రా ఆయన.

ఎల్లుండి తీసుకెళ్తాను. ముందు వైపు తళతళ తుడిచిపెట్టాను.

ఆగస్టు 21

సప్లైని ఒళ్లో పెట్టుకొని ఆటోలో వంతెన దాటాను. పార్థసారథి గారి ల్యాబ్‌లో ఏసీ చల్లగా ఉంది, చెప్పులు బయట విడవాలి. ఆయన మాట కూడా నెమ్మది. రండమ్మా, కూర్చోండమ్మా అని కుర్చీ తుడిచి ఇచ్చాడు. నేను అరగంటలో అయిపోతుందా అని అడిగాను. ఆయన నవ్వి, అరగంట దానికి ఒళ్లు వెచ్చబడ్డానికే కావాలండి అన్నాడు.

ఆయన బల్ల మీద మీటరు ఉంది, చుక్క తర్వాత మూడంకెలు చూపిస్తుంది. పక్కన ఎలక్ట్రానిక్ లోడ్. అది కరెంటు తినే పెట్టె. సప్లై నుంచి ఎంత కావాలంటే అంత లాగి, వేడిగా వదిలేస్తుంది. సప్లైకి రెండు లావు వైర్లతో ఆ లోడ్ తగిలించాడు, విడిగా రెండు సన్న వైర్లతో మీటర్ తగిలించాడు. ఆన్ చేయగానే సప్లై 5.00 అంది. మీటర్ 5.003 అంది. చూశారా అన్నాను, మార్కులొచ్చిన పిల్లలాగా.

ఇప్పుడే ఏం చూశామండీ అన్నాడాయన. ఖాళీగా, చల్లగా ఉన్నప్పుడు అందరూ బుద్ధిమంతులే. లోడ్ మీద వేడెక్కనిచ్చి అప్పుడు చూడాలి. మీరు షాపులో ఎలా చూశారని అడిగాడు. ఆన్ చేసి, పిన్నులు పెట్టి, ఆఫ్ చేశానన్నాను. ఆయన టీ తెప్పించాడు.

టీ సగంలో ఉండగా మీటర్ అంకెలు కదిలాయి. 5.1. మళ్లీ వెనక్కి. 5.4. నేను కప్పు కింద పెట్టాను. 5.9 దాకా పోయి కాసేపు ఊగి, ఆరు దాటింది. సప్లై డిస్‌ప్లే మీద మాత్రం పచ్చటి 5.00. కదల్లేదు. దాని మీద నాకున్న నమ్మకమంతా ఆ కదలకపోవడమే.

ఆయన ఆఫ్ చేసి, సప్లైని తిప్పి, వెనక వైపు లైటు వేశాడు. ఇదేంటమ్మా అన్నాడు.

ఇత్తడి పట్టీల చుట్టూ నల్లటి ఎరుపు. అంచుల్లో పచ్చటి చిలుము. దసరా నాడు నేను పెట్టిన కుంకుమ.

ఆయనే చెప్పాడు. ఆ పట్టీలు సప్లైకి కళ్లండి అన్నాడు. తాను ఎంత ఇస్తున్నదో వాటి గుండానే తిరిగి చూసుకుంటుంది. పట్టీ కింద కుంకుమ, చెమ్మ కలిసి పొర పేరుకుంటే తక్కువ కనిపిస్తుంది, అయ్యో తక్కువైందనుకొని ఎక్కువ పంపిస్తుంది. డిస్‌ప్లే చూసేదీ ఆ కళ్లతోనే, అందుకే అది అయిదే అంటుంది. చల్లగా ఉన్నప్పుడు పట్టీ ఆనుకొని ఉంటుంది, వేడెక్కాక వదులవుతుంది. దీని మీద పెట్టిన కార్డుల్లో కొన్ని అక్కడే పోతాయి, కొన్ని లోపల దెబ్బ తిని బయటికెళ్లాక పోతాయి. ఎంత ఎక్కువసేపు పెడితే అంత నష్టం అన్నాడు.

గంట పెట్టేదాన్ని, పూట చేశాను. పూట చాలక రోజంతా చేశాను.

ఎవరో భక్తితో పెట్టి ఉంటారు, దానికేముందండి, మా హజీరాలోనూ ఆయుధ పూజకి ఇలాంటివి చూశాం అని ఓదార్చాడు. భక్తి కాదు. భక్తితో ముందు పెట్టబోయిన మనిషి చేతిలోంచి గిన్నె లాక్కొని వెనక పెట్టాను, నామోషీతో. ఆ మాట ఆయనకి చెప్పలేదు.

పాత పట్టీలు తీసి, స్పిరిట్‌తో కడిగి, కొత్తవి బిగించాడు. మళ్లీ వేడెక్కనిచ్చాడు. మీటర్ 5.003 దగ్గర నిలబడింది, ఆయన లోడ్ పెంచినా తగ్గించినా. పాత పట్టీలు పారేయబోతే అడిగి తెచ్చుకున్నాను.

కళ్లు పోయింది దానివి. నేను వదినవి అన్నాను.

ఆగస్టు 22

అన్నకి చెప్పాను. పట్టీలు చేతిలో పెట్టుకొని చాలాసేపు చూశాడు. తిడతాడనుకున్నాను. దానికి నువ్వే చెప్పు, నేను చెప్తే నమ్మది అన్నాడు. అంతే.

ఆగస్టు 24, ఆదివారం

చెప్పాను.

వదిన చీరల మూట మధ్య కూర్చొని ఉంది. ఎదురుగా కూర్చొని, మొదటి నుంచి చెప్పాను. సప్లై సంగతి, లోడ్, మీటర్, ఆరు దాటిన అంకె. నీ సోల్డరింగ్‌లో ఏ దోషమూ లేదు వదినా, నీ కళ్లలోనూ లేదు, అంతా నేను చేసిందే అన్నాను. చెయ్యి వణుకుతోందని అన్నది కూడా అబద్ధం, నేను చూడలేదు అన్నాను. ఆమె కాళ్లు పట్టుకున్నాను. చదువుకున్న దాన్నని ఇన్నేళ్లు నెత్తిన పెట్టుకుంటే ఇదీ నేను చేసింది అని ఏడ్చాను.

ఆమె కత్తెర పక్కన పెట్టి నా తల నిమిరింది. ఊకో నీరజా, పండుగొచ్చే ముందట ఏడుస్తరా అన్నది. నువ్వు మంచిదానివి, నా మనసు నొచ్చుకున్నదని గిట్ల చెప్తున్నవ్, మీ అన్న చెప్పుమన్నడు గదా అన్నది.

నమ్మలేదు.

పట్టీలు చూపించాను. ఆమె వాటిని వాసన చూసింది. కుంకుమ అని గుర్తుపట్టింది. అప్పుడు ముఖం మారింది. ఏందే, తప్పు తీసుకపోయి బొట్టు మీద ఏస్తున్నవా అన్నది. అమ్మవారి కుంకుమ చెడు చేస్తదా ఎన్నడన్న. అట్లనొద్దు, పాపం తగుల్తది. నా కండ్లు పోతే పోయినయ్ అన్నది.

కుంకుమది తప్పు కాదు వదినా, పెట్టిన చోటుది, పెట్టిన నాది అని ఎన్ని రకాలుగా చెప్పినా ఒకటే మాట. పట్టీలు కళ్లకద్దుకొని, దేవుడి గూట్లో పెట్టింది.

ఆమె గెలవాలంటే అమ్మవారు ఓడిపోవాలి. ఆమె ఒప్పుకోదు. నేను ఏం చేయను?

ఆగస్టు 30

గణపతి దగ్గర అందరితో కలిసి వదిన కూడా మంగళహారతి పట్టింది. నాకోసం కూడా మొక్కిందట.

సెప్టెంబర్ 6

కడోదరా వెళ్లాను. ఫోన్‌లో చెప్పొచ్చు, కానీ వదిన ముందు అతనితో అన్న మాటని ఎదురుగా వెనక్కి తీసుకోవాలని నా పట్టుదల. మగ్గాల చప్పుడులో అరిచి చెప్పాల్సి వచ్చింది. జిగ్నేశ్‌భాయ్, ఆ రోజు మా భాభీ గురించి అన్నది తప్పు, తప్పు నా మెషిన్‌ది, నాది అన్నాను. అతను చెయ్యి చెవి దగ్గర పెట్టుకొని విని, ఏ భాభీ, ఎప్పుడు అన్నాడు. ఛోడో నా బెన్, ఇప్పుడు మాల్ బరాబర్ నడుస్తోంది అన్నాడు.

అతనికి గుర్తే లేదు. ఎవరి ముందు పరువు నిలబెట్టుకోవాలని అన్నానో, అతను గేటు దాటేలోపే మర్చిపోయి ఉంటాడు. నా ఆ ఒక్క మాటని వదిన ఒక్కతే పట్టుకొని కూర్చుంది.

బస్సులో నిలబడి వచ్చాను.

సెప్టెంబర్ 13

నా బలవంతం మీద వదిన కిందికి వచ్చింది. ఒక్క జాయింట్ పెట్టి చూడమన్నాను, పాత కార్డు మీద, దేనికీ పనికిరాని దాని మీద. ఆమె స్టూలు మీద కూర్చొని కళ్లద్దాల దారం సర్దుకుంది. ఐరన్ అందుకుంది. పిడికి పాత చీర అంచు చుట్టి ఉంటుంది, ఆమే చుట్టుకున్నది, వేడి తగలకుండా.

చెయ్యి వణికింది.

నిజంగా వణికింది. ఐరన్ మొన కార్డు మీద టకటకా కొట్టుకుంది. ఇన్నేళ్లలో ఎప్పుడూ చూడలేదు. సీసం కార్డు మీద పడకుండా జారింది, ఐరన్ పక్కకి పోయి ఎడమ చూపుడు వేలు కాలింది. నేను పరిగెత్తి నీళ్లు తెచ్చాను. ఆమె వేలు నీళ్లలో పెట్టుకొని, చూసినవా, నువ్వు ఆనాడు చెప్పింది నిజమే గదా అన్నది. నన్ను ఓదారుస్తున్న గొంతుతో అన్నది.

సెప్టెంబర్ 14

ఆ రోజు నేను చూడని వణుకు ఇప్పుడు ఉంది.

సెప్టెంబర్ 22

షాపు బాగా నడుస్తోంది. ఒక్క కార్డూ వాపస్ రాలేదు. సర్టిఫికెట్‌కి ఫ్రేము కట్టించి అన్న గోడకి తగిలించాడు. సోల్డరింగ్‌కి కొత్త మనిషిని పెడదామా అని అడిగాడు. వద్దన్నాను. ఆ స్టూలు ఖాళీగా ఉండనీ.

రోజూ పొద్దున సప్లైని వేడెక్కనిచ్చి, చిన్న లోడ్ పెట్టి, అప్పుడు మీటర్‌తో చూస్తున్నాను. పార్థసారథి గారు చెప్పినట్టే. వదిన ఐరన్ మొన కూడా తుడిచి, కాస్త సీసం పూసి పెడుతున్నాను, తుప్పు పట్టకుండా. ఇంత ఓపిక నాకు జూలైలో ఉంటే.

సెప్టెంబర్ 30, సద్దుల బతుకమ్మ

సొసైటీ మైదానంలో ఆడవాళ్లంతా చేరారు. గునుగు పూలు ఊరి నుంచి బస్సులో వచ్చాయి, బంతి ఇక్కడిదే. మా ఇంటి బతుకమ్మని వదిన పేరుస్తోంది. నేను తలుపు చాటున నిలబడి చూశాను. గునుగు పువ్వు కాడలు సమంగా తుంచి, రంగు రంగు వరస మార్చి, ఒకదాని పక్కన ఒకటి గుచ్చుతోంది. వేళ్లు చకచకా పోతున్నాయి. కళ్లద్దాలు నెత్తి మీదికి తోసుకుంది. వణుకు లేదు. ఆవగింజంత కూడా లేదు.

ఉంది, ఆమె చెయ్యి ఉంది, ఎక్కడికీ పోలేదు అనుకున్నాను. సంతోషం పట్టలేక ఒక అడుగు ముందుకి వేశాను.

ఆమె తలెత్తి నన్ను చూసింది. వేళ్లు ఆగాయి. చేతిలోని పువ్వు జారి పళ్లెంలో పడింది.

నేను వెళ్లిపోయాను. మైదానంలో పాట మొదలైంది, అందరిలో ఆమె గొంతు నాకు వేరుగా వినిపించింది.

అక్టోబర్ 2, దసరా

పొద్దున ప్లగ్గులన్నీ తీసి, తుడిచి, వరసగా పెట్టాను. వదినని పిలిచి కుంకుమ గిన్నె చేతికిచ్చాను. ఎక్కడ పెట్టాలన్నది. నీ ఇష్టం వదినా, ముందే పెట్టు అన్నాను. సప్లైకి నుదుట పెట్టింది, పచ్చ అంకెలు వచ్చే అద్దానికి పైన, గుండ్రంగా.

తర్వాత తన ఐరన్ దగ్గరికి వచ్చింది. నేను గోడ వైపు తిరిగి నిలబడ్డాను, నేను చూడకపోతే పెడుతుందని.

అబ్బా అని చెయ్యి వెనక్కి తీసుకున్న చప్పుడు విన్నాను. కాలుతున్నదే నీరజా, ఆపలేదా అన్నది.

ముట్టుకొని చూస్తే ఐరన్ చల్లగా ఉంది. దాని ప్లగ్గు నా చేతిలోనే ఉంది.